బాలే వద్దు, స్కేటింగ్ సరే

బర్మింగ్‌హామ్‌లో ఒక పిల్లాడు బాలే నేర్చుకుంటానని ఇంట్లో అడిగాడు. తండ్రి ఒప్పుకోలేదు, మగపిల్లలు చేసే పని కాదని. ఏడేళ్ళ వయసులో ఐస్ స్కేటింగ్ నేర్చుకుంటానంటే మాత్రం సరేనన్నాడు. ఎందుకంటే స్కేటింగ్ ఆటల లెక్కలోకి వస్తుంది. పోటీలుంటాయి, మార్కులుంటాయి, కప్పులు గెలుచుకు రావచ్చు. ఆ తండ్రి ఇంజనీరు, సొంత ఫ్యాక్టరీ ఉన్నవాడు. పిల్లాడి పేరు జాన్ కర్రీ. పుట్టింది 1949లో.

కర్రీ గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది ఈ సంగతితోనే మొదలుపెడతారు. నేనూ అంతే, తప్పించుకోవడం కష్టం. ఇది ఆట, అది నాట్యం. ఇది మగవాళ్ళది, అది కాదు అని ఆ తండ్రి గీసిన గీత కర్రీని ఇంట్లోనే వదిలిపెట్టలేదు. రింకులోకీ, జడ్జీల బల్ల దాకా, చివరికి పత్రికల్లోకీ వెంట వచ్చింది.

అప్పటి మార్కుల పద్ధతి తెలిస్తేగానీ ఈ గొడవ అర్థం కాదు. పోటీలో ఒక భాగం కంపల్సరీ ఫిగర్స్. శుభ్రమైన మంచు మీద ఎనిమిది అంకె లాంటి ఆకారాలు స్కేటుతో గీయాలి. జడ్జీలు వంగి ఆ గీతల్ని చూసి మార్కులేస్తారు. (టీవీలో చూసేవాళ్ళకి పరమ బోరు. 1990 తర్వాత తీసేశారు. నాలాంటి వాడికి మాత్రం ఇదే నచ్చుతుంది: గీత కుదిరిందా లేదా, అంతే.) అసలు చిక్కు ఫ్రీ స్కేటింగ్‌లో. అక్కడ ఒక్కో జడ్జీ ఆరుకి రెండు మార్కులిస్తాడు. ఒకటి టెక్నిక్‌కి. ఎన్ని జంపులు, ఎంత కష్టమైనవి, ఎంత శుభ్రంగా దిగాడు అన్నది కొంతవరకు లెక్కపెట్టొచ్చు. రెండోది కళకి. దానికి కొలబద్ద జడ్జీగారి అభిరుచే. మగ స్కేటరంటే బలంగా గెంతాలి, చేతులు అదుపులో పెట్టుకోవాలి అనుకునేవాళ్ళు ఆ కాలంలో చాలామంది. కర్రీ చేతులు మరీ నాట్యంలా ఉన్నాయని వాళ్ళ ఫిర్యాదు.

పదహారేళ్ళప్పుడు తండ్రి చనిపోయాడు. కర్రీ లండన్ చేరాడు, చిన్నాచితకా ఉద్యోగాలు చేశాడు, ఎట్టకేలకు బాలే పాఠాలు మొదలుపెట్టాడు. తర్వాత ఎడ్ మోస్లర్ అనే ధనికుడు ఖర్చులు భరించడంతో అమెరికా వెళ్ళాడు. అక్కడ లేక్ ప్లాసిడ్‌లో గస్ లుస్సీ అనే పెద్దాయన అతని జంపుల్ని మొదటినుంచీ సరిచేశాడు. ఆ తర్వాత కొలరాడోలో కార్లో ఫాస్సీ దగ్గర శిక్షణ. ఇక్కడే కర్రీ తెలివి నాకు కనిపిస్తుంది. వంక పెట్టింది రెండో మార్కు దగ్గర. అతను వెళ్ళి పటిష్ఠం చేసుకున్నది మొదటి మార్కుని. చేతులు అలాగే ఉంచుకున్నాడు. జంపుల్లో ఏ లోటూ లేకపోతే చేతుల్ని సాకుగా చూపించడం జడ్జీలకి కష్టం కదా.

1976 ఫిబ్రవరి 11, ఇన్స్‌బ్రుక్. ప్రారంభోత్సవంలో బ్రిటన్ జెండా పట్టుకున్నది కర్రీయే. ఆ రాత్రి ఫ్రీ స్కేటింగ్‌కి అతను తీసుకున్న సంగీతం మింకుస్ రాసిన డాన్ కిహోటే. అంటే బాలే సంగీతమే! వద్దన్న తండ్రి పోయి అప్పటికి దాదాపు పదేళ్ళు. ఆ వీడియో చాలాసార్లు చూశాను. ట్రిపుల్ జంప్ నుంచి దిగాక హమ్మయ్య అన్న భావం ఒంట్లో ఎక్కడా కనపడదు, దిగడమే తర్వాతి కదలికకి మొదలు. తొమ్మిదిమంది జడ్జీల్లో ఏడుగురు అతన్ని మొదటి స్థానంలో పెట్టారు. సోవియట్ జడ్జీ తన కొవలేవ్‌కి, కెనడా జడ్జీ తన క్రాన్‌స్టన్‌కి వేసుకున్నారు. ఆ శీతాకాల ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కి వచ్చిన పతకం అదొక్కటే.

ఆ వెంటనే రెండో వార్త వచ్చింది. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి ఒకాయనతో కర్రీ తాను గే అన్న సంగతి మాట్లాడాడు, అచ్చు వేయరన్న నమ్మకంతో. వేశారు. అతను కాదనలేదు. ఇంగ్లండ్‌లో ఇద్దరు మగవాళ్ళ మధ్య సంబంధం నేరం కాదని చట్టం వచ్చింది 1967లో, అదీ ఇరవయ్యొకటి దాటినవాళ్ళకి, నాలుగు గోడల మధ్య మాత్రమే. అంటే కర్రీకి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా అది అందరికీ నేరమే. శీతాకాల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మొదటి బాహాట గే పురుషుడిగా ఇప్పుడు కెనడా స్కేటర్ ఎరిక్ రాడ్‌ఫర్డ్ పేరు చెబుతారు, 2018లో. సాంకేతికంగా సరైనదే. కర్రీ స్వర్ణం ముందొచ్చింది, వార్త తర్వాత. కానీ "బాహాటంగా" అన్న మాట దగ్గర నాకు కాస్త చిరాకేస్తుంది. తలుపు తనే తీసుకుని బయటికొచ్చినవాళ్ళకి ఆ మాట సరిపోతుంది. కర్రీ విషయంలో తలుపు ఇంకొకరు తీశారు.

జనం మాత్రం పత్రికల కంటే నయమనిపించారు. అదే ఏడాది బీబీసీ ప్రేక్షకులు ఫార్ములా వన్ చాంపియన్ జేమ్స్ హంట్‌ని కాదని కర్రీని ఆ సంవత్సరపు క్రీడాకారుడిగా ఎన్నుకున్నారు.

యూరోపియన్, ఒలింపిక్, ప్రపంచ టైటిళ్ళు మూడూ ఒకే ఏడాది గెలిచి పోటీలు మానేశాడు. ఆ తర్వాత చేసిందే తన అసలు పని అనుకునేవాడని నా అభిప్రాయం. స్కేటింగ్‌కి సొంత కంపెనీ పెట్టాడు. ట్వైలా థార్ప్, కెన్నెత్ మెక్‌మిలన్ లాంటి నాట్య దర్శకులు మంచు మీదికి నృత్యాలు కూర్చారు. 1984లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్ వేదిక మీద మంచు పరిచి ప్రదర్శించారు. మార్కులేసేవాళ్ళు లేరు. డబ్బు మాత్రం ఎప్పుడూ చాలలేదు, కంపెనీ మూతపడింది.

1987లో హెచ్ఐవీ అని తేలింది. 1972లో ఇదే స్వర్ణం గెలిచిన చెకొస్లొవేకియా స్కేటర్ ఒంద్రెయ్ నెపెలా 1989లో ఎయిడ్స్‌తో చనిపోయాడు, 38 ఏళ్ళకి. స్కేటింగ్ లోకం ఇలాంటి చావుల గురించి గొంతు తగ్గించే మాట్లాడుకునేది. కర్రీ తల్లి దగ్గరికి ఇంగ్లండ్ తిరిగొచ్చి, 1992లో తన జబ్బు పేరు తనే పత్రికకి చెప్పాడు. ఈసారి వార్త అతనిచ్చిందే. 1994 ఏప్రిల్ 15న చనిపోయాడు, 44 ఏళ్ళ వయసులో.