పాత మిద్దెలలో స్నానపు గది పునర్నిర్మాణం

పాత మిద్దెలలో స్నానపు గది పునర్నిర్మాణం అనగా రాతి గోడలు, మట్టి కప్పు గల ఇళ్లలో గోడలకు హాని కలుగకుండా స్నానపు గదిని, మరుగుదొడ్డిని కొత్తగా ఏర్పరచుకొనుట. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు సమీపముననున్న మండల కేంద్రము కంబదూరు, దాని పరిసర గ్రామములలోని ఇళ్లు ఈ వ్యాసమునకు ఆధారము.

పాత కట్టుబడి

మట్టి మిద్దె గోడలు సాధారణంగా రాళ్లను మట్టి అడుసుతో పేర్చి కట్టినవి. దూలాలు, దంతెలపై కట్టెలు లేదా బండలు పరచి, పైన చవుడు మట్టి కప్పుతారు. జిల్లా సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మి.మీ. మాత్రమే కావున ఈ కప్పు ఇక్కడ నిలిచినది. స్నానానికి పెరటిలో ఒక బండ, నీరు పోవుటకు తూము ఉండెడివి. రాయలసీమలో ఈ చోటును జాలాడి అంటారు. కన్నడంలో బచ్చలు అంటారు. చాటు లేని జాలాడి వలన స్త్రీలు తెల్లవారక ముందే స్నానం ముగించుకోవలసి వచ్చేది. కట్టడపు అందాన్ని మెచ్చుకొనేవారు ఈ ఇబ్బందిని తరచూ మరచిపోతారు.

తేమ, గోడలు

ప్రధాన సమస్య ఇదే. మట్టి అడుసు తడిసినచో మెత్తబడి, రాళ్ల మధ్య పట్టు సడలును. గోడ ఉబ్బుట, పునాది వద్ద మట్టి రాలుట ప్రమాద సూచనలు. అట్టి గోడకు సిమెంటు పూత పూయుట చాలామంది చేసే పని. కానీ సిమెంటు మట్టి గోడకు సరిగా అతుకదు. లోపలి తేమను బయటకు పోనీయదు. కొంతకాలానికి పూత పెచ్చులుగా ఊడిపోవును. సున్నపు పూత మేలు.

వీలైనంత వరకు స్నానపు గదిని పాత గోడకు ఆనించక, కొంత ఎడంగా, స్వంత పునాదిపై ఇటుకలతో కట్టుట ఉత్తమము. ఇంటిలోపలే కట్టవలసి వస్తే పాత గోడకు ముందు వేరొక ఇటుక గోడ లేపి, నీరు ఇంకని పూత వేయవలెను. పలకలు అతికించుటకు ముందు తూము మూసి, నేలపై ఒక దినము నీరు నిలిపి, మట్టము తగ్గుచున్నదేమో చూడవలెను. వెయ్యి లీటర్ల తొట్టిలో నీరే ఒక టన్ను తూగును. దానిని మట్టి మిద్దెపై పెట్టరాదు.

నేల

నేల వాలు తూము వైపుకే ఉండవలెను. నునుపైన పలకలు తడిసినపుడు జారును. వృద్ధులున్న ఇంట గరుకు బండలే నయం, గోడకు పట్టుకొనుటకు ఒక కమ్మీ అవసరం. కడప బండలు సున్నపురాతి జాతివి. బోరు నీటి ఉప్పుమరకలు పోవుటకు ఆమ్లంతో కడిగితే మరకతో పాటు బండ కూడా తినివేయబడును.

మరుగుదొడ్డి

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ పథకం గ్రామములలో జంట గుంతల మరుగుదొడ్డిని ప్రోత్సహించినది. ఒక గుంత నిండిన తరువాత రెండవదానిని వాడుదురు. మొదటిది రెండేళ్లు మూసి ఉంచితే అందులోనిది ఎరువుగా మారును. గుంతలను బావికి, బోరుకు దూరంగా త్రవ్వవలెను. పాత గోడ పునాది పక్కన అసలే త్రవ్వరాదు.

వాడిన నీరు

స్నానపు నీటిని మరుగుదొడ్డి గుంతలోనికి వదలరాదు. గుంత త్వరగా నిండును. కరవు ప్రాంతము కావున ఆ నీటిని పెరటిలోని కొబ్బరి, అరటి చెట్లకు మళ్లించుట లేదా ఇంకుడు గుంతకు చేర్చుట వాడుక.