బాలింత దాహము, బిడ్డ పాలు

తెలుగునాట బాలింత పథ్యము పలు ఇండ్లలో నీటితోనే మొదలగుచుండెను. నీరెక్కువ త్రాగిన పొట్ట పెరుగుననియు, బిడ్డకు జలుబు చేయుననియు పెద్దలు కాచిన నీటిని సైతము కొలిచి యిచ్చెడివారు. పాశ్చాత్య దేశముల ప్రసూతిశాలలలో దీనికి విరుద్ధమైన నమ్మకము వ్యాపించినది. పాలలో నీరే అధికము కావున తల్లి ఎంత త్రాగిన అంత పాలు వచ్చునని వారు తలంచిరి. ఈ రెండింటిలో నిజమెంత?

తల్లిపాలలో నూటికి సుమారు 87 పాళ్ళు నీరే. అయినను స్తనము కుండ వంటిది కాదు. ఎంత నీరు పోసిన అంత పాలు నిండుటకు వీలులేదు. 1928లో స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రిక్కర్, గ్రూటర్ అను శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి సారమును కుందేళ్ళకు ఎక్కించి వానికి పాలు పడునట్లు చేసిరి. అందలి హార్మోనునకే తరువాత ప్రొలాక్టిన్ అని పేరు వచ్చినది. బిడ్డ చీకినపుడు ఇది రక్తములో హెచ్చును. స్తన కణములు పాలచక్కెరను తయారుచేయగా, ఆ చక్కెర ద్రవాభిసరణము వలన రక్తమునుండి నీటిని లాగుకొనును. బిడ్డ త్రాగి ఖాళీ చేసిన కొలది క్రొత్త పాలు ఊరును.

1953లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఇల్లింగ్‌వర్త్, కిల్‌పాట్రిక్ కొందరు బాలింతలచే దినమునకు 6 పైంట్లు, అనగా సుమారు 3.4 లీటర్లు, ద్రవములు త్రాగించిరి. మరికొందరిని దాహము కొలదియే త్రాగనిచ్చిరి. బలవంతముగ త్రాగినవారికి పాలు హెచ్చలేదు. 1984లో గాంబియా దేశమునుండి వెలువడిన పరిశోధన మరొక వైపు చూపినది. రంజాన్ ఉపవాసములో పగలు నీరు ముట్టని తల్లులు శరీరములోని నీటిలో నూటికి ఏడు పాళ్ళకు పైగా కోల్పోయిరి. వారి పాల కూర్పు కొంత మారినను పరిమాణము తగ్గలేదు. అనగా నీటి కొరత దెబ్బ మొదట తల్లికే తగులును.

మరి పేద తల్లుల సంగతి యేమి? విజయవాడ రహదారిపై పెద్ద అంబర్‌పేట్ దాటి హైదరాబాదు నగరములోనికి వచ్చినచో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన చిన్న పరిశోధన విభాగమే దీనికి మూలము. ఇది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందినది. ఈ సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాలపై చేసిన పరిశోధనలు 1958లో వెలువడినవి. అర్ధాకలితో నున్నవారు సైతము దినమునకు సుమారు 400 నుండి 600 మిల్లీలీటర్ల పాలిచ్చుచుండిరి. ఆహారములో మాంసకృత్తులు పెంచగా పాలు హెచ్చెను. తిండి చాలనపుడు తల్లి తన ఒంటిని కరిగించియే బిడ్డను పోషించుచున్నది.

కావున బాలింతకు నీరు కట్టడి చేయుట తగదు. బలవంతముగ త్రాగించుటయు తగదు. పాలిచ్చునపుడు చెంబెడు మంచినీరు చేతికందునట్లుంచి, దాహము తీర త్రాగనిచ్చిన చాలును. మొదటి ఆరు నెలలు ఆమెకు దినమునకు అదనముగా 600 కేలరీల ఆహారము వలయునని భారత వైద్య పరిశోధన మండలి సూచించినది. పప్పు, ఆకుకూర, పాలు, గ్రుడ్డు ఆమె విస్తరిలో ముందుగా వడ్డింపవలెను. పథ్యము పేరిట వానిని మాన్పించు ఇండ్లకు ఈ సంగతి బడిపిల్లల ద్వారా చేరిన ఎంతయో మేలగును.