వేదికపై గాయకులు మైకు వాడే పద్ధతి

కచేరీలలో గాయకులు ఎక్కువగా వాడేది కార్డియాయిడ్ మైకు. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ముందునుంచి వచ్చే ధ్వనిని ఇది బాగా గ్రహిస్తుంది, వెనుకనుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. జాలీ వెనుక భాగం నుంచి లోపలికి చేరే ధ్వనే ఈ ఎంపికకు ఆధారం. జాలీని గుప్పిటతో మూస్తే ఆ దారి మూసుకుపోయి, మైకు అన్ని దిక్కుల శబ్దాన్నీ అందుకుంటుంది, స్పీకర్లు కీచుమంటాయి. ఆ భంగిమ చూడడానికి ఎంత సొగసుగా ఉన్నా పాటకు చేటే. పిడినే పట్టుకోవాలి.

మంద్రస్థాయిలో పెదవులకు, మైకుకు మధ్య రెండు మూడు అంగుళాలు చాలు. తారస్థాయిలో గొంతు పెరిగినప్పుడు మైకును వెనక్కి జరపాలి. దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్టాండు ముందు కూర్చుని పాడే శాస్త్రీయ గాయకులు తలనే కాస్త వెనక్కి తీసుకోవాలి. మరీ దగ్గరగా పాడితే మంద్రధ్వనులు ఉబ్బి, సాహిత్యం స్పష్టంగా వినిపించదు. ‘ప’, ‘భ’ వంటి అక్షరాల గాలి నేరుగా తగలకుండా మైకును నోటికి కొద్దిగా పక్కన ఉంచాలి.

గాయకుని ఎదుట నేలపై ఉండే మానిటర్ స్పీకరు మైకుకు వెనుకవైపు ఉండాలి. చరణాల మధ్య చేయి కిందికి వదిలేస్తే మైకు ముఖం ఆ స్పీకరు వైపే తిరుగుతుంది. ఛాతీ దగ్గరే నిలపడం మేలు.