బిళ్ళగన్నేరు దేశాంతర యాత్ర

మన పల్లెల్లో సాధారణంగా ఎవరూ డబ్బు పెట్టి కొనని పూలమొక్క బిళ్ళగన్నేరు. నూతి గట్టు పగుళ్ళలోనూ, తులసికోట మొదట్లోనూ, బడి ప్రహరీగోడ వెంటనూ, శ్మశానాల పక్కనూ అది తనంతట తానే లేచి, ఏడాది పొడుగునా గులాబిరంగు పూలో తెల్లని పూలో పూస్తూ ఉంటుంది. పశువులు దానిని ముట్టవు. ఎండకు అది వెరవదు. కావలసినవారు పొరుగింటి పెరట్లోనుంచి ఒక నారుమొక్కను మట్టితో సహా పెళ్ళగించి తెచ్చుకుంటారు. ఇచ్చేవారు కాదనరు, వారి ఇంటికీ అది అట్లా వచ్చినదే కదా.

మా ఇంటిలో ఉన్నవి మా అత్తగారి ఊరినుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మూడు నారుమొక్కల సంతానం. ఒకనాడు ఇంటర్మీడియట్ తరగతికి పుష్పభాగాలు చూపించడానికి కొన్ని కొమ్మలు తీసికొనిపోయినాను. ఒక విద్యార్థిని, "మాస్టారూ, ఇది మన దేశపు మొక్కేనా?" అని అడిగినది. కాదన్నాను. తరగతి అంతా నమ్మనట్లు చూసినది. వారిని తప్పు పట్టవలసిన పని లేదు. దీనికి చక్కని తెలుగు పేరున్నది. తమిళులు నిత్యకల్యాణి అంటారు. హిందీలో సదాబహార్ అనీ, బెంగాలీలో నయనతార అనీ పేర్లున్నవి. ఇన్ని ముద్దుపేర్లు గలదానిని పరదేశి అంటే ఎవరు నమ్ముతారు? మన పేరును గూర్చి ఇంకొక చిత్రం చెప్పవలె. ఆకు చూచినా, పువ్వు చూచినా ఇది గన్నేరును అంతగా పోలి ఉండదు. ఐనా శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ ఒకే కుటుంబంలో చేర్చినారు. ఆ పేరు పెట్టిన మన పెద్దలెవరో గాని, వారి చూపు సామాన్యమైనది కాదు.

దీని జన్మస్థానం ఆఫ్రికాకు తూర్పున హిందూ మహాసముద్రంలో ఉన్న మడగాస్కర్ ద్వీపం. అక్కడినుంచి 18వ శతాబ్దిలో విత్తనాలు ఫ్రాన్సుకు చేరగా, వెర్సై రాజప్రాసాదానికి చెందిన త్రియానాన్ తోటలో వాటిని మొలిపించినారు. ఆ తోటవారు కొన్ని విత్తనాలను లండనులోని చెల్సీ ఔషధోద్యానానికి పంపినారు. 1722 మొదలు దాదాపు అర్ధశతాబ్దం ఆ ఉద్యానాన్ని నడిపిన ఫిలిప్ మిల్లర్ విత్తనాలు ఇచ్చి పుచ్చుకొనుటలో ఘటికుడు. అది ఆ ఉద్యానానికి అతనికంటె ముందునుంచీ ఉన్న అలవాటు. హాలెండులోని లైడెన్ ఉద్యానంతో చెల్సీవారు 1683లోనే ఇట్టి మార్పిడి ప్రారంభించినారు. 1757 ప్రాంతాన మిల్లర్ ఈ కొత్త మొక్క చిత్రాన్ని ప్రకటిస్తూ, విత్తనాలు మడగాస్కర్ నుంచి పారిస్ మీదుగా తనకు చేరినవని స్పష్టంగా చెప్పినాడు. 1759లో లిన్నేయస్ దీనికి వింకా రోజియా అని పేరు పెట్టినాడు.

ఆ పేరు నిలువలేదు. వింకా అనేది యూరప్‌లో నేలబారున పాకే వేరొక ప్రజాతి. దాని కాండం నేలకు తగిలినచోటనల్లా వేళ్ళు పుట్టి, కొద్ది సంవత్సరాలలో తోట మూలనంతా ఆక్రమిస్తుంది. మన బిళ్ళగన్నేరు పాకదు. నిటారుగా నిలిచి, విత్తనాల ద్వారా వ్యాపిస్తుంది. ఇట్టి భేదాలను బట్టి 1837లో జార్జ్ డాన్ దీనిని కాథరాంథస్ రోజియస్ అన్నాడు. ఐనా పాత పేరు తోటమాలుల నోటనుంచి పోలేదు. మందుల పేర్లలో సైతం అది మిగిలినట్లు ముందు చూస్తాము.

యూరప్‌లో ఈ మొక్క మంచుకు చచ్చిపోతుంది. అక్కడ దీనిని అద్దాల గదులలో పెంచవలె, లేదా ఏటేటా కొత్త విత్తనం వేయవలె. ఉష్ణదేశాలలో ఆ బెడద లేదు. ఇక్కడ ఇది అనేక సంవత్సరాలు బ్రతికే మొక్క. కనుక ఓడలలో వెస్టిండీస్, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికా, భారతదేశం మొదలైన చోట్లకు చేరిన విత్తనాలు తోట గోడలు దాటి వీధిన పడినవి. ప్రభుత్వోద్యానాల మధ్య జరిగిన మార్పిడికి జాబితాలుండేవి. మన సామర్లకోటలో 1780 తరువాత కొన్నేళ్ళు ప్రయోగోద్యానం నడిపి, 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్ళిన విలియం రాక్స్‌బర్గ్ వంటివారు తమ మొక్కలకు లెక్కలు రాసుకొన్నారు. కాని నావికుడి మూటలోనో, ఇల్లాలి కొంగుముడిలోనో సాగిన పంపకాలకు లెక్క ఎవరు రాస్తారు? బిళ్ళగన్నేరు ప్రయాణంలో అధికభాగం ఈ రెండవ తరగతికి చెందినదే.

పంచుకొనడానికి ఈ మొక్క ఇంత అనువుగా ఎందుకున్నదో ఉపాధ్యాయులు తరగతిలో సులభంగా చూపించవచ్చును. పువ్వును నిలువుగా చీల్చి చూడండి. సన్నని పొడుగాటి నాళం పైభాగాన, మూతికి కొంచెం దిగువగా పరాగకోశాలు, వాటి కిందనే కీలాగ్రం కనిపిస్తవి. సాధారణంగా పొడుగు తొండం గల సీతాకోకచిలుకలు పరాగసంపర్కం జరుపుతవి. ఐతే ఈ మొక్క తన పుప్పొడిని తానే నిరాకరించదు. కొన్ని మొక్కలలో పువ్వు ముదిరేకొద్దీ కీలం పొడుగై కీలాగ్రం పరాగకోశాలను తాకుతుంది. అప్పుడు సీతాకోకచిలుక రాకపోయినా గింజ కడుతుంది. అందుచేత ఒక్కటంటే ఒక్క మొక్కను తెచ్చి నాటినా సంతతి కలుగవచ్చును. అనేక జాతులలో ఇది కుదరదు. దానం ఇచ్చేవారు జతగా ఇవ్వవలసి ఉంటుంది.

పువ్వు రాలిన తరువాత రెండు సన్నని కాయలు జంటగా నిలబడుతవి. పాఠ్యగ్రంథాలలో వీటిని ఏకవిదారక ఫలాలంటారు. ఎండగానే ఒక పక్క చీలి, నల్లని చిన్న గింజలను తల్లి పాదాల చెంతనే రాలుస్తవి. ఈ గింజకు జిల్లేడు గింజకున్నట్లు దూదికుచ్చు లేదు. గాలి దీనిని దూరం మోయదు. వాననీరు, కుండీమట్టి, మనిషి చేయి, ఇవే దీని వాహనాలు. వెలుతురులో కంటె మట్టి కప్పిన చీకటిలోనే గింజ బాగా మొలుస్తుంది.

నారు తీసేవారికి ఒక మాట. ఈ మొక్క వేళ్ళను కదిలిస్తే ఓర్చుకొనదు. నాలుగైదు ఆకుల దశలోనే, సాయంత్రం వేళ, మట్టిగడ్డ విడకుండా తీసి వెంటనే నాటవలె. జానెడెత్తు పెరిగినదానిని పీకి తెచ్చి, వాడినదని రోజుకు మూడుసార్లు నీరు పోసేవారున్నారు. నీరు నిలిస్తే మొదలు కుళ్ళిపోతుంది. నేనూ మొదట అట్లాగే రెండింటిని చంపినాను.

ఊరూరా మొక్కతోపాటు దాని గుణాలను గూర్చిన మాట కూడా ప్రయాణం చేసినది. ఆకుల కషాయం మధుమేహానికి మంచిదని జమైకాలోనూ, ఫిలిప్పీన్స్‌లోనూ, దక్షిణాఫ్రికాలోనూ నమ్మేవారు. 1952లో కెనడాలోని టొరంటో వైద్యుడు క్లార్క్ నోబుల్‌కు జమైకానుంచి ఒక రోగి ఉత్తరం పంపినాడు. కవరులో 25 బిళ్ళగన్నేరు ఆకులున్నవి. ఇన్సులిన్ దొరకనప్పుడు అక్కడివారు వీటి కషాయం త్రాగుతారని అందులోని సమాచారం.

ఆ ఉత్తరం చేరిన మనిషిని గూర్చి ఒక ముచ్చట చెప్పక తప్పదు. 1921లో టొరంటోలో బాంటింగ్ ఇన్సులిన్ పరిశోధనకు పూనుకొన్నప్పుడు అతనికి సహాయకులుగా ఇద్దరు విద్యార్థులను సూచించినారు. ముందు ఎవరు పనిచేయవలెనో వారు నాణెం ఎగురవేసి తేల్చుకొన్నారు. గెలిచిన బెస్ట్ లోకప్రసిద్ధుడైనాడు. ఓడిన విద్యార్థి ఈ క్లార్క్ నోబులే! ముప్పది ఏళ్ళ తరువాత మరొక అవకాశం కవరులో వచ్చినది. అప్పటికి అతడు ఆ పని తాను చేయదలచక, ఆకులను వెస్టర్న్ ఆంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపినాడు.

రాబర్ట్ నోబుల్ కషాయాన్ని ఎలుకలకు త్రాగించి చూసినాడు. రక్తంలోని చక్కెర తగ్గలేదు. చాలామంది అక్కడితో ఆ ఆకులను చెత్తబుట్టలో వేసేవారు. ఇంకా గాఢమైన సారాన్ని సూది ద్వారా ఎక్కించగా, ఎలుకలు వారం తిరగకముందే చీముగడ్డలు లేచి చచ్చిపోయినవి. సారంలోని విషమే కారణమని సరిపెట్టుకొనక, ఆ సూక్ష్మజీవులు ఇంత సులభంగా ఎట్లా విజృంభించినవని అతడు ప్రశ్నించుకొన్నాడు. రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు దారుణంగా తగ్గి ఉన్నవి; ఎముకల మూలుగలో వాటి ఉత్పత్తే కుంటుపడినది. రోగాన్ని ఎదిరించే సైన్యం లేనందున సూక్ష్మజీవులకు అడ్డులేకపోయినది. మరి తెల్లకణాలు మితిమీరి పెరిగే జబ్బు రక్తపు కాన్సరు. వాటిని తగ్గించే పదార్థం దొరికితే?

1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అతనితో కలిసినాడు. ఆకులలో నూటికి పైగా ఆల్కలాయిడ్లున్నవి, కావలసినది అత్యల్పం. దానిని వేరుచేసి 1958లో న్యూయార్క్ విజ్ఞాన పరిషత్తు సమావేశంలో వెల్లడించినారు. తరువాత దానికి విన్‌బ్లాస్టిన్ అని పేరు స్థిరపడినది. తమ వ్యాసం శీర్షికలోనే యాదృచ్ఛిక పరిశీలనల పాత్ర అని రాసుకొన్న నిజాయితీ వారిది. ఇదే కాలంలో అమెరికాలోని ఎలై లిల్లీ సంస్థలో గోర్డన్ స్వబోడా, ఇర్వింగ్ జాన్సన్ మొదలైనవారు అదే మొక్కపై పనిచేసి, దాని సారం రక్తపు కాన్సరు గల చుంచెలుకల ఆయుస్సును పెంచుతున్నదని కనుగొన్నారు. వారు వేరుచేసిన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో మందుగా ఆమోదం పొందినది. రెండు మందుల పేర్లలోనూ తొలి అక్షరాలు లిన్నేయస్ పెట్టిన పాత పేరునుంచి వచ్చినవే.

ఈ రెండు అణువులకు భేదం చాలా స్వల్పం: ఒకచోట మీథైల్ సమూహం ఉండేదానికి బదులు ఫార్మిల్ సమూహం ఉంటుంది. పనిచేసే పద్ధతి ఒకటే. కణం విభజన చెందేటప్పుడు క్రోమోసోములను చెరొక వైపుకు లాగే కండె పోగులు ట్యూబులిన్ అనే ప్రోటీనుతో ఏర్పడుతవి. ఈ అణువులు ట్యూబులిన్‌ను పట్టుకొని పోగులు ఏర్పడకుండా చేస్తవి. విభజన మధ్యలో నిలిచి కణం చనిపోతుంది. 1950 ప్రాంతాల్లో రక్తపు కాన్సరు సోకిన పిల్లలలో బ్రతికి బయటపడినవారు అరుదు. విన్‌క్రిస్టిన్‌తోపాటు మరికొన్ని మందులను కలిపి వాడే చికిత్స వచ్చిన మీదట, మంచి వైద్యం అందిన దేశాలలో అట్టి పిల్లలలో అత్యధికులు కోలుకొంటున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఈ కథ విని ఆకులు నమలడం మొదలుపెట్టేవారున్నారు. కొందరు చక్కెర జబ్బుకు ఇప్పటికీ ఉదయమే నములుతున్నారు. ఎలుకల తెల్లకణాలను హరించినది ఈ ఆకులలోని పదార్థాలేనని మరువరాదు. టన్నులకొద్దీ ఎండుటాకులనుంచి గ్రాముల లెక్కన తీసే మందును వైద్యులు తూచి, నరంలోకి మాత్రమే ఎక్కిస్తారు. నోట నమిలిన ఆకులో ఏది ఎంత ఉన్నదో ఎవరు తూచినారు?

మందు వచ్చిన తరువాత పేచీ వచ్చినది. మడగాస్కర్ మొక్కతో విదేశీ సంస్థ లాభపడగా, ఆ పేదదేశానికి ఏమీ దక్కలేదని చాలామంది రాసినారు. లాభం దక్కలేదన్నది నిజమే. కాని మడగాస్కర్ వైద్యులకు ఇది కాన్సరు మందని ముందే తెలుసునని రాసేవారి మాట సరికాదు. ఆచూకీ ఇచ్చినది మధుమేహాన్ని గూర్చిన నమ్మకం. ఆకులు వచ్చినది జమైకానుంచి. అప్పటికే ఆ మొక్క రెండు శతాబ్దాలుగా ప్రపంచమంతటా పెరళ్ళలో ఉన్నది. 1992 నాటి జీవవైవిధ్య ఒడంబడిక ఏ దేశపు జీవసంపదపై ఆ దేశానికే హక్కు అన్నది. మనదేశం 2002లో చట్టం చేసి, చెన్నైలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను నెలకొల్పినది. లాభాల పంపకాన్ని గూర్చిన నగోయా ఒప్పందం 2010లో కుదిరినది. ఇవి మంచివే. ఒక కొండమీదనే పెరిగే మూలికకు ఇవి చక్కగా వర్తిస్తవి. గోడమీదుగా చేతులు మారుతూ పోయిన మొక్కకు యజమాని ఎవరనే ప్రశ్నకు మాత్రం వీటిలో సులభమైన జవాబు దొరకదు. నా మట్టుకు నాకు మడగాస్కర్ బాకీ ఎంత నిజమో, జమైకాలో ఆ కషాయం కాచుకొన్న పేరులేని జనం బాకీ కూడా అంత నిజమనిపిస్తుంది. 2022లో ఈ మందుకు కావలసిన రెండు మూలపదార్థాలను ఈస్టు కణాలచేత తయారు చేయించి శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. రేపు ఆకు అవసరమే లేకపోతే ఈ పేచీ ఇంకా చిక్కుపడుతుంది.

ఇట్లా పంచుకొన్న ప్రతి మొక్కా ఉపకారే అనుకోవద్దు. పూల అందం చూచి 19వ శతాబ్దిలో తెచ్చుకొన్న గుర్రపుడెక్క మన కాలువలను కమ్మివేసినది. అదే శతాబ్ది ఆరంభంలో కలకత్తా ఉద్యానానికి అలంకారంగా వచ్చిన లాంటానా అడవులను ఆక్రమించినది. తెచ్చిననాడు వాటికీ బిళ్ళగన్నేరుకూ భేదం ఎవరికి కనిపించినది?

వానాకాలంలో మా తరగతివారు పదకొండు నారుమొక్కలు అడిగి తీసికొనిపోయినారు. ఇంతకుముందు వారి ఇళ్ళలో ఉన్న బిళ్ళగన్నేరు ఎవరి ఇంటినుంచి వచ్చినదో, వారికి ఎవరు ఇచ్చినారో కనుక్కొని నోటుపుస్తకంలో రాసి తెమ్మన్నాను. ఒకరిది మేనత్త పెరటినుంచి, ఒకరిది గుడి వెనుకనుంచి, ఇంకొకరిది కూల్చివేసిన పాతబడి ఆవరణనుంచి వచ్చినట్లు తేలినది. మూడిళ్ళు వెనుకకు పోయేసరికి అందరి పుస్తకాలూ ఆగిపోయినవి. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం నాలుగవ గడిలో "మడగాస్కర్" అని రాసి, మధ్యలో ఒక పెద్ద గీత గీసి తెచ్చినది.