నాలుగు గంటల సముద్రం

ఉత్తర తెలంగాణలో బతుకుదెరువు మాట వస్తే ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని మూడూ ఒక్క గుక్కలో అంటారు. మొదటిది బొగ్గు పట్టణం బెల్లంపల్లికి కాళ్ల కిందే ఉంది. రెండోదానికి దారి పాతదే. నిజాం రాజ్యం నుంచి వెళ్లి ఇళ్లు కట్టిన కామాఠీల పేరే బొంబాయి కామాఠిపురకు మిగిలింది. మూడోది అరేబియా సముద్రానికి అవతల. హైదరాబాద్ నుంచి దుబాయికి గాలిదారిన సుమారు 2,550 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక నడుస్తుంది కాబట్టి చేతిగడియారం సరిచేసుకుంటే ఇంకా తక్కువే అనిపిస్తుంది. అయితే గల్ఫ్ వలస చరిత్రను ఈ అంకెలతో రాస్తే లెక్క తప్పుతుంది. విమానం కుదించింది ఆ దూరంలో అతి చిన్న భాగాన్నే.

ఒకప్పుడు బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు రోజుల తరబడి నడిచేవి. వాటిలో ‘దారా’ 1961 ఏప్రిల్‌లో దుబాయి దగ్గర పేలుడుకు గురవడంతో 238 మంది చనిపోయారు. ఆ వరసలో చివరిదైన ‘ద్వారక’ 1982లో ఆగిపోయింది. 1973లో చమురు ధర ఎగిశాక అక్కడ కట్టడాలు పెరిగాయి, కూలీల అవసరమూ పెరిగింది. సింగరేణి బొగ్గు గనుల్లో 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య తర్వాత సగానికన్నా తగ్గడంతో ఇక్కడ బాయి పని ఆశా సన్నగిల్లింది. ఓడ పోయి విమానం వచ్చింది గానీ, 1983 వలస చట్టంతో పదో తరగతి పాసవని కూలీకి వలస అనుమతి ముద్ర తప్పనిసరైంది. దానికి ముందు వీసా కోసం ఏజెంటు, ఏజెంటు కోసం అప్పు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే, మామూలుగా ఉండే రెండేళ్ల ఒప్పందం ముగిసేసరికి వడ్డీయే 72,000. ఆ అప్పు తీరకుండా ఇంటికి రావడమంటే దివాలాయే. మరి ప్రయాణం నాలుగు గంటలా, రెండేళ్లా?

బొంబాయి లాడ్జీల్లో పడిగాపులు తప్పి హైదరాబాద్ నుంచే నేరుగా ఎక్కడం, ఫోన్లో పిల్లల మొహం రోజూ చూడడం చిన్న మార్పులా అని ఎవరైనా అడగవచ్చు. చిన్నవి కావు, ఉత్తరం కోసం నెలలు ఎదురుచూసిన తరానికి వాటి విలువ బాగా తెలుసు. కానీ అవన్నీ పోయేటప్పటి సుఖాలూ, ఉన్నన్నాళ్ల ఊరటలూ. తిరిగి రావడం దగ్గరికొస్తే లెక్క వేరు. సౌదీలో 2021 మార్చి సంస్కరణ దాకా యజమాని ఒప్పుకుంటేనే కార్మికుడు దేశం దాటాలి. 2020 మార్చి చివర్లో అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయినప్పుడు, మే 7న స్వదేశానికి చేర్చే ‘వందే భారత్’ విమానాలు మొదలయ్యేదాకా సుమారు ఆరు వారాలు దుబాయి అమెరికా అంత దూరమైంది. సముద్రం వెడల్పు మారలేదు, విమానం వేగమూ తగ్గలేదు. అది విపత్తు, దాన్ని ప్రమాణంగా తీసుకోకూడదంటారా? సరే, మామూలు రోజులే తీసుకోండి: ఊళ్లో తల్లి చనిపోయిందన్న కబురు నిమిషంలో చేరుతుంది, విమానం ఆ రాత్రికే ఉంటుంది. సెలవు ఇవ్వాల్సింది కంపెనీ, పాస్‌పోర్టు ఉండేది చాలాసార్లు కంపెనీ బీరువాలో, టికెట్ డబ్బు పెరిగేది అప్పు ఖాతాలో.