కాళహస్తి కలం: పాత బొమ్మ, కొత్త గుడ్డ

శ్రీకాళహస్తి కలంకారీ కథను చాలామంది గుడి దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే తుప్పు మేకుల కుండ దగ్గర మొదలుపెట్టాలి. పనికిరాని ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెడితే కసిం తయారవుతుంది. కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన నూలుగుడ్డ మీద ఆ కసిం గీత పడిందంటే నల్లబడి నిలిచిపోతుంది. కరక్కాయ వగరుకు ఇనుము తగలడం వల్లే ఆ నలుపు. పాలలోని వెన్న రంగును పక్కకు పాకనివ్వదు. ముందుగా చింతబొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. వెదురు పుల్ల చివర గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. చుట్టును వేలితో నొక్కిన కొద్దీ రంగు దిగుతుంది. పటిక పూసిన చోట ఎరుపు పడుతుంది. ఇక మిగిలింది ఉడకబెట్టడం, ఉతకడం, ఎండబెట్టడం. ఆ ఉతుకుడికి స్వర్ణముఖి నదిలో పారే నీరు, ఎండబెట్టడానికి ఆ నది ఇసుక.

కలంకారీ అనే ఇదే పేరుతో పెడన, మచిలీపట్నాల్లో అచ్చుపని నడిచింది. కోరమండల్ తీరపు రంగుబట్టలు ఐరోపాలో ఎంతగా అమ్ముడుపోయాయంటే, తమ నేతవాళ్ల గోల భరించలేక 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. కాళహస్తిది వేరే దారి. రామాయణ, భారత కథల్ని గళ్లుగళ్లుగా గీసి, కింద తెలుగులో కథ రాసిన పెద్ద తెరలు గుడుల కోసం తయారయ్యేవి. 19వ శతాబ్దంలో ఇక్కడ గీసిన తెరలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆదరణ తగ్గి పని అడుగంటిన రోజుల్లో, 1957లో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసింది. అక్కడ పాఠం చెప్పింది జొన్నలగడ్డ లక్ష్మయ్య. ఆయన కొడుకు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఆ తర్వాత జరిగిందే నాకు ఆసక్తి. తెరలు కొనేవాళ్లు తగ్గారు, చీరలు కొనేవాళ్లు పెరిగారు. కళాకారులు కొత్త బొమ్మల కోసం ఎక్కడికీ పోలేదు. పాత తెరలో రాముడి వెనకున్న చెట్టును విడదీసి గోడకు కల్పవృక్షం చేశారు. అంచులోని లతను పైటకొంగుకు ఎక్కించారు. మూల నిలబడిన నెమలి దుపట్టా మధ్యకొచ్చింది. కొందరు దీన్ని దిగజారుడంటారు. నేను ఒప్పుకోను. తాత గీసిన నెమలిని మనవడు మళ్లీ గీస్తే మెడ వంపు ఎక్కడో మారుతుంది. ఆ తేడాలోనే ఈ కళ ఇన్ని తరాలు బతికింది.

అసలు బాధ వేరే ఉంది. స్వర్ణముఖిలో ఏడాది పొడవునా నీళ్లు ఉండవు. బజారులో కలంకారీ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు యంత్రపు అచ్చే. కొనేముందు ఒకే గుడ్డ మీద రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఈక పొల్లుపోకుండా ఒకేలా ఉంటే అది కలం పని కాదు. కలం ధర ఇవ్వకండి.