చెరువు ఊరిదా, సర్కారుదా?

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా వెళ్తే దారి పొడవునా చెరువు కట్టలు కనిపిస్తూనే ఉంటాయి. పై చెరువు మరవ పారితేనే కింది చెరువుకు నీళ్ళు. బాహుదా, కౌండిన్య, పాలారు వాన పడితేనే పారే ఏర్లు కాబట్టి ఈ మెట్ట సీమకు గొలుసుకట్టు చెరువులే ఆదరువు. వాటి మీద పెత్తనం ఎవరిదన్న తగవు మాత్రం పాతదే.

చెరువు తవ్వకం ఎంత పెద్ద పనో కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనం (1369) చెబుతుంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనంలో మంచి చెరువుకు 12 లక్షణాలు, 6 దోషాలు లెక్కగట్టారు. అక్కడి చెరువు తవ్వడానికి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళపాటు పనిచేశాయట. తవ్వాక దాన్ని కాపాడేందుకు సీమలో దశబంధ ఇనాం ఉండేది. చెరువు బాగు చూసుకునేవాడికే మాన్యం.

తూము ఎప్పుడు తీయాలో ఊరి పెద్దరైతులు కూర్చుని తేల్చేవారు. పార భుజాన వేసుకుని, రాత్రిళ్ళు కూడా మడి మడికీ నీళ్ళు కట్టేది నీరుగంటి. కూలి, కళ్ళంలో కొలిచే గింజలే. చాలా ఊళ్ళలో ఆ పని భూమిలేని దళిత కుటుంబాలది. నీళ్ళు పంచే చేతికి మాట చెల్లేది కాదు. ఊరి ఏలుబడిలో ఆ లోటు మొదటినుంచీ ఉంది.

కంపెనీ కాలానికి ఇక్కడి చెరువులు చాలావరకు పుంగనూరు, కుప్పం వైపు కంగుంది జమీందారీల కిందికి వచ్చాయి. మద్రాసు సర్కారు 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. ఆనవాయితీగా ఊరంతా కలిసి చేసే చెరువు పనికి, అంటే కుడిమరమ్మతుకు రానివాడు ఆ శ్రమ విలువకు రెట్టింపు కట్టాలి. ఊరి కట్టుబాటు కాస్తా జరిమానా అయింది. 1876-78 కరువు తర్వాత, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. కొలతలూ అంచనాలూ ఇంజనీర్ల చేతికి వెళ్ళాయి.

1948లో జమీందారీలకు, 1956లో ఇనాములకు రద్దు చట్టాలు వచ్చాక మాన్యానికీ మరమ్మతుకూ ఉన్న ముడి వీడింది. నూరెకరాల లోపు ఆయకట్టు చెరువులు పంచాయతీరాజ్‌కు, పెద్దవి ఇరిగేషన్ శాఖకు చేరాయి. ఈలోగా బోర్లు వచ్చాయి. సొంత బోరున్న రైతుకు తూముతో పనేముంది? కట్టల మీద కంప మొలిచింది.

1997లో రైతుల సాగునీటి యాజమాన్య చట్టంతో రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. పూడికతీత, తూము మరమ్మతు మళ్ళీ రైతుల చేతికొచ్చాయి. నీటి తీరువా వసూలు మాత్రం రెవెన్యూ శాఖదే. ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాడికే. గొర్రెల కాపరికీ, చేపలు పట్టేవాడికీ లేదు.

సర్కారూ జనమూ కలిసి తేల్చుకున్న చోట్లూ ఉన్నాయి. కెనడా పడమటి తీరంలో అక్కడి రాష్ట్ర ప్రభుత్వమూ ఆదివాసీ జాతులూ సమాన భాగస్వాములుగా కూర్చుని 2015లో సముద్ర ప్రణాళికలు ఖాయం చేశాయి. అక్కడ సముద్రం, ఇక్కడ చెరువు. చిక్కు మాత్రం ఒకటే. కష్టం, మాట, ఫలం ఒకేచోట ఉండాలి. మన దగ్గర ఒక్కో కాలంలో ఒక్కోటి జారిపోయింది. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం నీళ్ళను కుప్పం దాకా తెస్తోంది. వాటిని చెరువులోకి మళ్ళించడం సర్కారు పని. చివరి మడి దాకా చేర్చాలంటే ఊరు మళ్ళీ కూర్చోవాలి. ఈసారి ఆ కూర్చున్నవాళ్ళలో నీరుగంటి కూడా ఉండాలి.